వలకు ముందు లెక్క

గాదెలో ధాన్యమెంత యున్నదో చూచుకొనక సంవత్సరమంతయు సంసారము నడుపు గృహస్థుడు లేడు. లెక్కింపని సంపద తరుగుచున్నప్పుడు ఎవరికిని తెలియదు. తెలియునప్పటికి గాదె అడుగు కనబడును. ఈ సత్యమును మన బోధను ప్రాంతపు చెరకు రైతులకు ఎవరును క్రొత్తగా బోధింప నక్కరలేదు. 1937వ సంవత్సరమున స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము పనిచేసిన కాలమున, గానుగ ఆరంభమగుటకు ముందే ఉద్యోగులు ఊరూర తిరిగి, ఏ రైతు ఎన్ని ఎకరములలో చెరకు నాటెనో వ్రాసికొనుచుండిరి. తోటలో నిలిచి పంట ఎంత దిగునో అంచనా కట్టుచుండిరి. గడలోని తీపిని పరీక్షించి, ఏ తోటను ఎప్పుడు కొట్టవలెనో నిర్ణయించుచుండిరి. ఆ కర్మాగారము 2015వ సంవత్సరమున మూతపడినది. అయినను చెరకు ఆడు ప్రతి చోటను ఆ పద్ధతి నేటికిని సాగుచునే యున్నది. ఏలయన, తోటలో ఎంత యున్నదో తెలియక యంత్రమును త్రిప్పుట తెలివిగల పని కాదు.

చెరకుతోట కదలదు, దానికి గట్టు కలదు, పట్టా కలదు. కాని గట్టు లేని తోట యొకటి మన దేశమునకు కలదు. అది సముద్రము. తీరమునుండి 200 నాటికల్ మైళ్ల వరకు వ్యాపించిన 20 లక్షల చదరపు కిలోమీటర్ల జలభాగముపై భారతదేశమునకు ప్రత్యేకమగు హక్కు కలదు. అందలి చేపలు ఏ యొక్కరి సొత్తును కావు. కనుకనే అందరి సొత్తు. నిజామాబాదునుండి సముద్రము సుమారు నాలుగు వందల కిలోమీటర్ల దూరమున నున్నది. అందుచే, "కంటికి కనబడని చేపలను లెక్కించుటకు ఓడలేల? ప్రజల ధనము వ్యయమేల?" అని మనలో కొందరు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. కాని అట్టి లెక్క అవసరమనియు, దానికగు ఖర్చు దుబారా కాదనియు, ఆ లెక్కకు లోబడి నడుచుకొనుట అంతకంటెను అవసరమనియు నా అభిప్రాయము. దానికి గల కారణములను వివరించెదను.

మొదట ఒక సంగతి గమనింపుడు. నీటి పైతలము నిజము చెప్పదు. దీనికి దృష్టాంతము మన జిల్లా వారెల్లరు ఎరిగిన నిజాంసాగరమే. మంజీర నదిపై 1931లో పూర్తియైన ఆ జలాశయము తొలుత సుమారు 29 శతకోటుల ఘనపుటడుగుల నీరు పట్టెడిది. ఏటేట వచ్చి చేరిన పూడికవలన నేడది 18 శతకోటులకు లోపుగా పట్టుచున్నది. గట్టుపై నిలిచి చూచువానికి నిండిన జలాశయము నాడెట్లుండెనో నేడును అట్లే కనబడును. అడుగున జరిగిన నష్టము కొలిచినవానికి మాత్రమే తెలియును. అట్టి కొలతకు నేడు పడవ అడుగున నొక యంత్రమును అమర్చి, శబ్దమును నీటిలోనికి పంపి, అది అడుగున తగిలి మరలివచ్చుటకు పట్టిన కాలమునుబట్టి లోతును గణించుచున్నారు. సముద్రములోని చేపలను లెక్కించుటకు వాడునదియు ఈ శబ్దపద్ధతియే.

వెలుతురు నీటిలో ఎక్కువ దూరము పోజాలదు. కొన్ని వందల మీటర్ల లోతున సముద్రము చీకటి. కాని శబ్దము నీటిలో గాలిలోకంటె నాలుగు రెట్లకు మించిన వేగముతో, అనగా సెకనుకు సుమారు 1500 మీటర్లు, పయనించును. ఒక శబ్దము ఓడనుండి బయలుదేరి సెకనులో ఐదవ వంతు కాలమునకు మరలివచ్చినదనుకొనుడు. అది పోవుట, వచ్చుట కలిపి 300 మీటర్లు నడచినది. కావున అది తగిలిన వస్తువు 150 మీటర్ల లోతున నున్నదని మీరే చెప్పగలరు. 1912వ సంవత్సరమున టైటానిక్ అను మహానౌక మంచుకొండను ఢీకొని మునిగిపోయిన పిదప, నీటిలో ఎదుటనున్న ఆటంకమును ముందుగా కనిపెట్టు ఉపాయము కొరకు శాస్త్రజ్ఞులు వెదకిరి. 1914లో ఫెస్సెండెన్ అను నతడు మంచుకొండనుండి ప్రతిధ్వనిని వినగలిగెను. అపాయమును తెలిసికొనుటకు పుట్టిన ఈ విద్య క్రమముగా ఆహారమును వెదకుటకు మరలినది. జపానులో కిమురా అను శాస్త్రజ్ఞుడు 1929లో చేపల చెరువునందు దీనిని పరీక్షించెను. నార్వే దేశీయుడగు ఆస్కార్ సుండ్ 1935లో సముద్రములోని కాడ్ చేపల గుంపులు కాగితముపై నల్లని పొరవలె ముద్రితమైన చిత్రమును ప్రకటించెను.

చేపలలో పెక్కింటికి పొట్టలో గాలితిత్తి యొకటి కలదు. నీటిలో మునుగక, తేలక నిలుచుటకు అది తోడ్పడును. ఆ గాలితిత్తికి తగిలియే శబ్దము బలముగా మరలివచ్చును. పరిశోధన నౌక, రైతు దున్నిన చాళ్లవలె, సముద్రముపై సమాన దూరముగల గీతలవెంట ముందుకు పోవుచుండును. క్షణక్షణము శబ్దము క్రిందికి పోవును. ప్రతిధ్వని పైకి వచ్చును. ప్రతిధ్వని బలమునుబట్టి క్రిందనున్న చేపల రాశిని గణింతురు. అయితే శబ్దము చేప ఉన్నదని చెప్పును గాని దాని పేరు చెప్పదు. కావున నడుమ నడుమ వలను దింపి, కొన్ని చేపలను పైకి తీసి, వాని జాతిని గుర్తించి, పొడవును, బరువును కొలుతురు. చేప తలలో చెవిరాయి యను చిన్న ముక్క యుండును. చెట్టు మ్రానులోని వలయములవలె దానిపై వలయములుండును. వానిని లెక్కించి చేప వయస్సును నిర్ణయింతురు. తక్కెడను తూనికల అధికారి పరీక్షించినట్లు, యంత్రమును గూడ ముందుగా పరీక్షింతురు. ప్రతిధ్వని ఎంత రావలెనో నిశ్చయముగా తెలిసిన యొక లోహపు గుండును ఓడ క్రింద వ్రేలాడదీసి, యంత్రము సరిగా పలుకుచున్నదో లేదో చూతురు.

సముద్రమంతయు గాలింపక కొన్ని గీతలనుబట్టి మొత్తమును చెప్పుట ఎట్లు సాధ్యమని మీకు సందేహము కలుగవచ్చును. గ్రామములో వరి దిగుబడిని తెలిసికొనుటకు అధికారులు పొలములన్నిటిని కోయింపరు. ఎవరి ఇష్టానిష్టములతోను నిమిత్తము లేక, చీటీ తీసినట్లు కొన్ని పొలములను ఎన్నుకొని, ఒక్కొక్కదానిలో కొలిచిన చిన్న మడిని మాత్రము కోయించి, నూర్చి, తూచి చూతురు. బాగుగ పండిన మడినే కోరి కోసినచో లెక్క చెడును; ఎండిన మడినే కోసినను లెక్క చెడును. సముద్రమునందును అంతే. చేప ఉన్నచోటికే పోయి వెదకుట వేట; ఉన్నను లేకున్నను నిర్ణయించిన గీతవెంట పోవుట లెక్క. ఈ రెంటికిని గల భేదమును మీరు చక్కగా గుర్తుంచుకొనవలెను. నా వాదమంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

మన దేశమున ఈ పని క్రొత్తది కాదు. 1946లో బొంబాయిలో లోతు సముద్రపు చేపల వేటకై ఏర్పడిన కేంద్రమే పెరిగి, 1983లో భారత మత్స్య సర్వేక్షణ సంస్థ అను జాతీయ సంస్థయైనది. దానికి విశాఖపట్టణమునందు ఒక కేంద్రము కలదు. 1947లో నెలకొనిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు రేవులయందు దిగు చేపలను నమూనా పద్ధతిలో లెక్కించుచున్నారు. 1971లో కొచ్చినులో ఐక్యరాజ్యసమితి సహాయముతో ఆరంభమైన పథకము క్రింద పడమటి తీరమున శబ్దపద్ధతితో చేపల గుంపులను సర్వే చేసిరి. డెన్మార్కులో నిర్మింపబడి 1984లో మన సేవకు వచ్చిన "సాగర్ సంపద" యను నౌక 71 మీటర్లకు పైగా పొడవుగల తేలియాడు పరిశోధనశాల. 2018లో నిపుణులు మన జలభాగమునుండి ఏటేట తీసికొనదగిన చేపల పరిమాణమును 53 లక్షల టన్నులుగా అంచనా కట్టిరి. ఈ అంచనా ఒక్క యంత్రమువలన వచ్చినది కాదు. ఓడల సర్వేలు, రేవుల లెక్కలు మొదలగువానిని కలిపి కట్టినది. మరియొక విశేషము. సముద్రమే లేని మన తెలంగాణమున, హైదరాబాదు నగరమునందు, 1999లో జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రము వెలసినది. ఉపగ్రహములు పంపిన వార్తలనుబట్టి నీటి వేడిమిని, అందలి సూక్ష్మమైన పచ్చని జీవుల రాశిని పరిశీలించి, చేపలు దొరకదగిన తావులను ఆ కేంద్రమువారు మత్స్యకారులకు తెలుపుచున్నారు. కనుక సముద్రము మనకు సంబంధింపని విషయమనుట తగదు.

ఇక ఆక్షేపణలను విచారింతము. "తరతరములుగా సముద్రముపై బ్రతుకు మత్స్యకారునికి చేప సంగతి తెలియదా? ఓడలోని పండితుడు అతనికి చెప్పవలెనా?" అని కొందరందురు. మత్స్యకారుని జ్ఞానము గౌరవింపదగినది. నీటి రంగును, పక్షుల తీరును, గాలి వాలును చూచి అతడు చేప జాడ కనిపెట్టగలడు. కాని ఆ జ్ఞానము చేప ఎక్కడ నున్నదో చెప్పును. ఎంత మిగిలియున్నదో చెప్పుట వేరు. కెనడా దేశపు న్యూఫౌండ్లాండు తీరమున ఐదు శతాబ్దములపాటు కాడ్ చేపలను పట్టిరి. పెద్ద ఓడల వలలు నిండుచునే యుండెను. ఏలయన, సంఖ్య తగ్గినకొలది ఆ చేపలు కొన్ని తావులయందే గుమిగూడెను, యంత్రములు ఆ గుంపులను కనిపెట్టెను. వలలు నిండుటను చూచి పండితులును నిల్వలను ఎక్కువగా అంచనా కట్టిరి. ఒడ్డు దగ్గర వేటాడు చిన్న పడవలవారు తమకు చేపలు తగ్గుచున్నవని మొరపెట్టుకొనిరి గాని ఆ మొరకు తగిన విలువ దొరకలేదు. 1992 జూలై నెలలో ప్రభుత్వమువారు వేటను నిలిపివేయవలసివచ్చెను. సుమారు 30 వేలమంది జీవనోపాధిని కోల్పోయిరి. వ్యాపారపు వేటకు మరల పరిమితముగా అనుమతి దొరకుటకు 2024 వరకు, అనగా 32 సంవత్సరములు పట్టినది. దీనినుండి నేర్వవలసిన పాఠములు రెండు. నిండిన వల నిండిన సముద్రమునకు సాక్ష్యము కాదు. లెక్క తీయువాడు చిన్న పడవవాని మాటను చెవిని పెట్టకున్నచో ఆ లెక్కయు సంపూర్ణము కాదు.

రెండవ ఆక్షేపణ ఖర్చునుగూర్చినది. "పాఠశాలలకు గదులు లేవు, ఆసుపత్రులకు మందులు లేవు, ఓడలకు ధనమెక్కడిది?" అని యందురు. లెక్కింపనిచో ఖర్చు తప్పుననుట పొరపాటు. ఖర్చు తప్పదు, అది కనబడకుండ పెరుగును. నార్వే దేశపు "డాక్టర్ ఫ్రిట్యోఫ్ నాన్సెన్" అను పరిశోధన నౌక 1979–80 సంవత్సరములలో మన బంగాళాఖాతమునకు ఆవలి గట్టునగల బర్మా తీరమున చేపలను సర్వే చేసెను. అదే పేరుగల వేరొక నౌక 2013లో మరల పోయి చూడగా, పైనీటిలో తిరుగు చేపల రాశి మిక్కిలి క్షీణించియున్నట్లు తేలెను. నడుమ గడచిన మూడు దశాబ్దములలో ఏ యేడు ఎంత తగ్గెనో ఎవరు చెప్పగలరు? ఏటేట కొలిచినచో తొలి పదేండ్లలోనే మేల్కొనుటకు వీలుండెడిది.

"శబ్దపు లెక్క తప్పుకావచ్చును గదా" అనునది మూడవ ఆక్షేపణ. ఇదియు కొంతవరకు నిజమే. గాలితిత్తి లేని సొరచేప మొదలగువాని ప్రతిధ్వని బలహీనము. నేలకంటి యుండు చేపల ప్రతిధ్వని నేల ప్రతిధ్వనిలో కలిసిపోవును. ఉత్తరపు చల్లని సముద్రములలో ఒక జాతి గుంపు ఒకచోట విడిగా నుండును. మన వెచ్చని సముద్రములో పెక్కు జాతులు కలిసి తిరుగును గనుక దేని ప్రతిధ్వని ఏదో వేరుచేయుట కష్టము. కాని నిజాయితీగల లెక్క తన లోపమును తానే చెప్పుకొనును. ఇంతకు తక్కువ కాదు, ఇంతకు ఎక్కువ కాదు అని హద్దులను చూపును. లెక్కయే లేనిచోట ఊహకు హద్దు లేదు. కొంచెము మసకగా నున్న దీపము వెలుగు చాలలేదని దానిని ఆర్పివేసి చీకటిలో నడుచువాడు వివేకి కాడు.

మొత్తమునే చూచి సంతోషించుటయు ప్రమాదమే. మలయాళీలు మత్తి యనియు మన తీరమువారు కవ్వలు అనియు పిలుచు నూనెచేప 2012లో కేరళ రేవులయందు సుమారు 4 లక్షల టన్నులు దిగినది. 2021లో అది 4 వేల టన్నులకు లోపుగా పడిపోయినది. సముద్రపు వేడిమిలోని మార్పులు, మితిమీరిన వేట రెండును ఇందుకు కారణములని చెప్పుదురు. దేశపు మొత్తములో ఈ నష్టము చిన్న గీతగా కనబడవచ్చును. ఆ చేపనే నమ్ముకొన్న కుటుంబమునకు మాత్రము అది ఆరిన పొయ్యి.

ఇప్పుడు నా వాదములోని ముఖ్యాంశమునకు వచ్చుచున్నాను. ప్రతిధ్వని యంత్రము ఈనాడు పరిశోధన నౌకలలో మాత్రమే లేదు. అది మరపడవలకును ఎక్కినది. ఒక్క శాస్త్రమే ఇద్దరికి రెండు విధముల తోడ్పడుచున్నది. ఒకనికి చేప ఎక్కడ నున్నదో చూపుచున్నది. ఇంకొకనికి ఎంత యున్నదో చెప్పుచున్నది. వెదకువారి యంత్రములు వేలకొలదిగ పెరిగి, లెక్కించువారి ఓడలు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే యున్నచో, త్రాసు ఒక వైపునకే మొగ్గును. వెదకు శక్తి పెరిగినకొలది లెక్కించు శక్తియు పెరుగవలెను. ప్రభుత్వము మరపడవలకు క్రొత్త యంత్రములనిచ్చుటకు ధనము వెచ్చించునపుడు, దానితోపాటు పరిశోధన నౌకలకును, అందు పనిచేయు యువశాస్త్రజ్ఞులకును తగిన ధనము కేటాయింపవలెను. ఇది దానము కాదు, మూలధనమును కాపాడుకొనుట.

లెక్క తీసి బీరువాలో దాచినను ప్రయోజనము లేదు. పెరూ దేశమున మన నెత్తళ్ల జాతికి చెందిన చిన్న చేపలను 1970లో కోటి టన్నులకు మించి పట్టిరి. అతివేటకు 1972లో సముద్రపు వేడిమి తోడు కాగా, 1973 నాటికి ఆ రాశి 20 లక్షల టన్నులకు అటునిటుగా దిగజారెను. ఆ దేశమువారు ఆ దెబ్బను మరువలేదు. ఇప్పుడు వారు వేటకాలమునకు ముందు శబ్దపద్ధతితో సర్వే చేసి, అంతట ఎంత పట్టవలెనో ప్రకటింతురు. 2023లో వలలలో పిల్లచేపలే ఎక్కువగా కనబడుటచే తొలి వేటకాలమునే రద్దు చేసిరి. మనకును తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేటకు నిషేధము కలదు. అది చేపలు గ్రుడ్లు పెట్టి వృద్ధిపొందుటకు ఇచ్చిన విరామము. అయితే ఆ రెండు నెలలు పొయ్యి వెలిగింపవలసినవాడు పేద మత్స్యకారుడు. దేశము కొరకు వల మడిచినవానికి దేశము అన్నము పెట్టవలెను. అట్లు పెట్టని నియమము న్యాయమైన నియమము కాదు, నిలిచెడిదియు కాదు.

విద్యార్థులారా! చెరకు కొట్టువాడు గడను నేలకు అంట నరికినను మొదలును పెరికివేయడు. ఆ మోటినుండియే పిలక మరల లేచి, నాటకయే రెండవ పంట నిచ్చును. పెరికివేసినచో ఆ యేడు కొన్ని మోపులు ఎక్కువ దొరకునేమో గాని మరుసటి యేడు మొలక లేదు. సముద్రమునకును మొదలున్నది. అది నీటిలో నుండుటచే మన కంటికి కనబడదు; అంతే భేదము. దానిని చూచు కన్ను శబ్దము, దానిని కాపాడు చేయి నియమము.

మంజీరను కలుపుకొని మన కందకుర్తి కడ తెలుగునేలపై అడుగిడు గోదావరి ఆ సముద్రమునకే పోవుచున్నది. ఆ నదివెంట మీలో కొందరును పోవచ్చును. ఒకరు గణితమును, మరొకరు భౌతికశాస్త్రమును, వేరొకరు జీవశాస్త్రమును నేర్చి పరిశోధన నౌకయెక్క వచ్చును. అట్టి ఓడకు సముద్రతీరమున పుట్టినవారే కావలెనను నియమము లేదు. ఓడ యెక్కని తక్కినవారు పౌరులగుదురు. ప్రజల ధనము దేనికి వెచ్చింపవలెనో చెప్పు అధికారము పౌరులది. ఏ సంపద విషయములో నైనను, అది నదిలోని ఇసుక కానిండు, నేలలోని నీరు కానిండు, కడలిలోని చేప కానిండు, "ఎంత తీసికొందము?" అను ప్రశ్నకు ముందు "ఎంత యున్నది?" అని మీరు అడుగుడు. సరియైన జవాబు వచ్చువరకు అడుగుచునే యుండుడు. జవాబు వచ్చిన పిదప, మీ తరువాతివారికై అందులో కొంత విడిచిపెట్టుడు.